పాదాల దగ్గర మొదలు

మెట్రో రైల్లో ఏసీ సంగతి ఎవరైనా కాస్త పట్టించుకుంటే బాగుండును. మియాపూర్‌లో చెమటలు కక్కుతూ ఎక్కిన మనిషి మాదాపూర్ వచ్చేసరికి కోల్డ్ స్టోరేజీలో మిరపకాయ బస్తా అయిపోతాడు. మొన్న ఆదివారం నేను అలాగే వణుకుతూ, పడిపోకుండా కడ్డీ పట్టుకోబోతే నా వేళ్ళు ఒక పెద్దాయన చేతి మీద పడ్డాయి. చెయ్యి మంచుముక్కలా ఉంది. సారీ చెప్పి వెనక్కి తీసుకోవడం మర్యాద. నేను తియ్యలేదు. చెమట పట్టిందా, గోళ్ళు ఏ రంగులో ఉన్నాయి, నాడి అందుతోందా అని చూస్తూ ఉండిపోయాను. "ఏమైనా కావాలా బాబూ?" అన్నారాయన, రెండో చేత్తో పర్సు తడుముకుంటూ. "ఏం లేదండీ, ఏసీ ఎక్కువగా ఉంది కదా" అన్నాను. ఆయన తరవాతి స్టేషన్లో దిగిపోయారు. అది ఆయన దిగాల్సిన స్టేషను అని నేననుకోను.

ఈ జబ్బు నాకు అంటించింది సత్తెమ్మక్క. నేను తెనాలి నుంచి వచ్చి, మాదాపూర్‌లో అద్దాల మేడల మధ్య ఉన్న ఒక ఆసుపత్రిలో, గుండె రోగుల ఐసీయూలో నర్సుగా చేరినప్పుడు ఆవిడ అక్కడ అందరికంటే సీనియర్ సిస్టర్. ఆ మేడలు లేవకముందు అక్కడ బండరాళ్ళు మాత్రమే ఉన్న రోజులు ఎరిగిన ఖాజాగూడ మనిషి. నన్ను అందరూ బ్రదర్ అనేవారు. మా నాన్నగారు మాత్రం నలుగురిలో "మావాడు హైదరాబాదులో పెద్దాసుపత్రిలో ఉన్నాడండీ" అని అక్కడికి ఆపేసేవారు. డాక్టరు అనుకోవడమో, పేషెంటు అనుకోవడమో వినేవాళ్ళ ఇష్టానికి వదిలేసేవారు.

సత్తెమ్మక్క డ్యూటీకి వస్తూనే చేసే పని ఒకటుంది. తలవైపు మానిటర్‌లో అంకెలు ఎంత రంగురంగులుగా వెలుగుతున్నా అటు చూసేది కాదు. తిన్నగా కాళ్ళవైపుకు వెళ్ళి, దుప్పటి అంచు ఎత్తి, రోగి రెండు పాదాలనూ రెండు అరచేతుల్లోకి తీసుకునేది. దీనివల్ల చిక్కులు వచ్చేవి. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు "అయ్యయ్యో, మీరు పెద్దవారు మేడం" అంటూ కాళ్ళు ముడుచుకునేవారు. పెద్దవాళ్ళు నమస్కారం అనుకుని దీవించేసేవారు. ఒక బామ్మగారు ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి మరీ "దీర్ఘ సుమంగళీ భవ" అంది. అక్క తల వంచి ఆ దీవెన మొత్తం అందుకుని, నా వైపు తిరిగి మెల్లగా "సల్లగున్నయి. డాక్టర్‌కు ఫోన్ కొట్టు" అంది.

"మానిటర్ ఉంది కదండీ, పాదాలెందుకు?" అని చేరిన వారంలోనే అడిగాను. పుస్తకంలో సమాధానం నాకు తెలుసు, ఆవిడకు తెలుసో లేదో చూద్దామని. అప్పట్లో నాకు అలాంటి గొప్ప ఉద్దేశాలు ఉండేవి.

"అదీ చూస్త తమ్మీ. ముందుగాల మనిషిని చూస్త. దానికి చెమట రాదు గద." దుప్పటి అంచు సర్దుతూ మళ్ళీ అంది. "ఇంట్ల కరువొస్తే ఎవని గిన్నెల ముందు తగ్గుతది? కడాకు కూసున్నోనికే. గుండెకు పాదాలు గంత దూరం. నెత్తురు తక్కువైతే పాదాలకే ముందు తెలుస్తది. బీపీకి తర్వాత తెలుస్తది. మనకు అందరికన్న ఎనుక."

నేను నాలుగేళ్ళు చదివిన చదువు ఇంత చిన్నదా అనిపించింది. అయినా గట్టిగా నమ్మలేదు. నమ్మే రోజు మూడో వారంలో వచ్చింది.

నలభై ఆరేళ్ళ మనిషి, ఒక ఐటీ కంపెనీలో మేనేజరు. పొద్దున్న మీటింగులో గుండెపోటు వస్తే తీసుకొచ్చారు. రక్తనాళంలో అడ్డు తీసే గదిలో అప్పటికే వేరొకరు బల్ల మీద ఉన్నారు. అరగంట ఆగాలి. మధ్యాహ్నం రెండు కావస్తుండగా ఆయనకు మళ్ళీ నొప్పి మొదలైంది. భార్య పక్కనే నిలబడి, "బ్రదర్, తట్టుకోలేకపోతున్నారు, ఏదైనా ఇవ్వండి" అంటోంది. ఆర్డర్ కాగితంలో స్పష్టంగా ఉంది: నొప్పి వస్తే, పై బీపీ వంద దాటి ఉంటే, నాలుక కింద మాత్ర. మానిటర్ నూట ఆరు చూపిస్తోంది. వంద కంటే నూట ఆరు ఎక్కువని నాకు ఒకటో తరగతి నుంచీ తెలుసు. మాత్ర అరచేతిలో వేసుకున్నాను. ఆ మాత్ర ఎలాంటి గుండెపోటులో ఇవ్వకూడదో ఫైనల్ పరీక్షలో రాసి, స్కేలు పెట్టి గీత కూడా గీశాను నేను. ఆ జవాబుకి క్లాసులో నాకే ఎక్కువ మార్కులు.

సత్తెమ్మక్క టిఫిన్ డబ్బా పట్టుకుని అన్నానికి వెళ్తోంది. ఆ మంచం ఆవిడది కాదు, నాది. దారిలో ఉంది కనుక, అలవాటుగా ఒక చెయ్యి దుప్పటి కిందికి పోనిచ్చింది. అక్కడే ఆగింది. డబ్బా బల్ల మీద పెట్టి రెండో చెయ్యి కూడా పెట్టింది. ఆయన మెడ వైపు చూసింది. స్టెత్ తీసి వీపు మీద పెట్టి వింది. అంతా కలిపి నిమిషం కూడా కాలేదు.

"తమ్మీ, గోలీ నీ చేతులనే ఉండనియ్యి" అని ఫోన్ అందుకుంది.

అవతల డ్యూటీ డాక్టరు గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. "బీపీ నూట ఆరు ఉంది కదా సిస్టర్, ఇవ్వండి."

"ఇయ్యలేను సార్. కాళ్ళు సల్లగున్నయి, మెడ నరం ఉబ్బింది, ఊపిరితిత్తులు సాఫ్‌గున్నయి. గుండెకు కుడిదిక్కు దెబ్బ తగిలినట్టుంది. కుడిదిక్కు ఈసీజీ తీస్తున్న, జర వచ్చి చూడున్రి. అప్పటిదాక గోలీ ఆపింది నేనే అని పేరు రాస్తున్న."

కుడివైపు దెబ్బతిన్న గుండె, తనలోకి తిరిగొచ్చే రక్తం మీదే ఎలాగో బతుకుతుంటుంది. ఆ మాత్ర నాళాలను సడలించి, వచ్చే ఆ కాస్తా రాకుండా చేస్తుంది. ఇది నేను పరీక్షలో రాసిందే. కానీ అక్క అంచనా తప్పయితే? నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి డాక్టరు ఇవ్వమన్న మందు నర్సు ఆపిందన్న మాట మిగులుతుంది, కింద ఆవిడ పేరుతో సహా. ఆ భార్య ఊరుకోలేదు. "డాక్టర్ ఇవ్వమంటే మీరెవరు ఆపడానికి? కంప్లైంట్ ఇస్తానండీ నేను."

"ఇయ్యమ్మా, తప్పకుండ ఇయ్యి" అంది అక్క, ఈసీజీ తీగలు ఎడమ నుంచి కుడివైపుకు మార్చి అతికిస్తూ. "ఇప్పుడైతే గా చెయ్యి వట్టుకో. నువ్వున్నవని ఆయనకు తెల్వాలె."

కాగితం బయటికి వస్తుండగా మానిటర్ మోగింది. ఎనభై నాలుగు. మాత్ర ఇంకా నా గుప్పిట్లోనే ఉంది. అది లేకుండానే ఎనభై నాలుగు. ఉండి ఉంటే ఎంతో లెక్కవేసే ధైర్యం నాకు ఆనాడు లేదు, ఇప్పుడూ లేదు.

డాక్టరు పరుగున వచ్చి కాగితం చూశారు. సెలైన్ వేగంగా ఎక్కించమన్నారు, అడ్డు తీసే గదిలో బల్ల ఖాళీ చేయించారు, తానే మంచం తోసుకుంటూ తీసుకెళ్ళారు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి "సిస్టర్..." అని ఆగిపోయారు. ఆ డాక్టరుకు అది చాలా పెద్ద ఉపన్యాసం. ఆ మేనేజరు బతికాడు. ఇంటికి వెళ్ళేరోజు స్వీటు డబ్బా నా చేతిలో పెట్టాడు, నేను బాగా చూసుకున్నానట.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి అక్క డబ్బా తెరిచింది. పప్పు గడ్డకట్టి ఉంది. పక్కన కూర్చుని, "మీకు భయం వెయ్యలేదా అక్కా?" అన్నాను. సిస్టర్ అనడం మానేసి అక్కా అనడం అప్పుడే మొదలైంది.

"ఎందుకెయ్యదు?" అని ఎడమ చెయ్యి నా ముందు పెట్టింది. పట్టుకుని చూశాను. ఆయన పాదాలు కూడా ఇంత చల్లగా ఉండి ఉండవనిపించింది. రెండు గంటలు గడిచాక కూడా. ఆ చేతులతోనే తీగలు అతికించింది, పేరు రాసింది, ఒక్క అక్షరం వంకర పోలేదు. ధైర్యమంటే వెచ్చగా ఉంటుందని అంతవరకూ అనుకునేవాణ్ణి.

ఇప్పుడు నేను బాచుపల్లిలో నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మొదటిసారి వార్డుకు తీసుకెళ్ళిన పిల్లలందరినీ మంచానికి కాళ్ళవైపు నిలబెడతాను. తలవైపు టీవీ ఉంది కదా సార్ అన్నట్టు చూస్తారు. ప్రతి బ్యాచ్‌కీ ఈ కథ చెబుతాను.

మొన్నటి మెట్రో ప్రయాణం కూడా, రిటైరై ఖాజాగూడలో ఉంటున్న అక్కను చూడటానికే. చాయ్ ఇచ్చి, "పోరగాళ్ళకు నా ముచ్చట చెప్తున్నవంట, ఏమని చెప్తవ్?" అంది. మీరు పాదాలు పట్టుకున్నారని, ఫోన్లో ఏమన్నారో అదంతా చెబుతానని, చివరికి మనిద్దరం కలిసి ఆ మాత్ర ఆపామని ముగిస్తానని చెప్పాను. ఆవిడ ఖాళీ గ్లాసులు లోపల పెట్టొచ్చింది. వెళ్ళొస్తానని వంగి రెండు పాదాలూ తాకాను. దండానికి పట్టే సమయం కంటే కాస్త ఎక్కువే పట్టింది.

"ఎచ్చగున్నయా?" అంది.

"ఉన్నాయక్కా."

"అయితే లే. గా పిల్లలకు సక్కగ చెప్పు తమ్మీ. ఆ పొద్దు నేను అన్నానికి ఇంకో తొవ్వల పోయుంటే, నువ్వు ఆ గోలీ ఏస్తుంటివి."