పిల్లల గాలి తాగిన ల్యాప్‌టాప్

మండవల్లి దగ్గర ఓ చేపల చెరువు గట్టున నా పరువు నేనే ముంచుకున్న వైనం చెబుతాను. జాలిపడకండి. అప్పటి నేననే ఆ మనిషి జాలికి తగినవాడు కాడు.

అప్పుడే వీడియో వార్తల్లోకి దిగాను. ఎక్కడ తీస్తే అక్కడే ఎడిట్ చేసి పంపాలని, ల్యాప్‌టాప్ కోసం ఏలూరులో ఓ దుకాణానికి వెళ్లాను.

"తిరుగుతూ చేసే పనికి తేలికైంది తీసుకోండి. బ్యాటరీ బాగా వస్తుందండి" అన్నాడు దుకాణదారు.

దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, తాలు గింజను తోసినట్టు పక్కకి తోశాను. "బరువైంది చూపించండి. బరువుంటేనే గింజ ఉన్నట్టు."

"ఇవి వడ్లు కాదండీ. ఆ బరువైంది ఎడిటింగ్ పెడితే గంట కూడా ఆగదు."

"ఊళ్లలో కరెంటు లేదా ఏవిటండీ?" అని, ఇటుకంత ఛార్జరుతో సహా దాన్ని బస్తాలా భుజాన వేసుకొచ్చాను.

మొదటి వార్త అక్కడ చేపలు పెంచే సత్యవతి గారి చెరువు మీద. సాయంత్రం చెరువులో వదలాల్సిన చేపపిల్లలు షెడ్డు వెనక తొట్టిలో ఉన్నాయి. వాటిని వీడియో తీసి షెడ్డులో కూర్చున్నాను. మా ఛానెల్ ఒంటిగంట బులెటిన్‌కి పంపాలి. ముప్పావుగంటకే బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. గోడకున్నది ఒకటే సాకెట్, అందులో ఏదో ప్లగ్గు. ఎవరిదని అడిగితే నా హోదా ఏం కావాలి? పీకేసి నాది పెట్టాను.

కాసేపటికి సత్యవతి గారు తొంగిచూశారు. "ఏవండీ, పిల్లలకి గాలాడట్లేదండి."

"కాసేపు బయట ఆడుకోమనండమ్మా" అన్నాను, తలెత్తకుండా.

"బయటికొస్తే చచ్చిపోతాయండి."

"మరీ అంత గారాబం పనికిరాదండీ."

ఆవిడ నన్ను నిదానంగా చూశారు. "తొట్టిలో పిల్లలండి. మీరు పీకింది వాటి గాలి మోటారు."

కొల్లేరు విలేకరినని కార్డు మీద అచ్చేయించుకున్నవాణ్ణి నేను. పరిగెత్తి చూస్తే వేల పిల్లలు పైకి తేలి, నోళ్లు తెరిచి నాకేసే చూస్తున్నాయి. అది ఆవిడ ఏడాది పంట. మళ్లీ వెళ్లి ప్లగ్గు పెట్టి, నీళ్లలో బుడగలు లేచేదాకా నేనూ ఊపిరి తీసుకోలేదు. పిల్లలు తేరుకున్నాయి. ఛార్జి లేక ల్యాప్‌టాప్ ఆరిపోయింది, దాంతోపాటే నా వార్త.

"మా అమ్మాయి అంతా ఫోన్లో తీసి, అందులోనే ఎడిటింగ్ కూడా చేసేసిందండి. పంపమంటారా?" అన్నారు ఆవిడ, ఎంతో మర్యాదగా.

ఒంటిగంటకి అదే వచ్చింది. చివరి దృశ్యంలో తొట్టి పక్కన నోరు తెరుచుకుని నేను. చేపపిల్లలకీ నాకూ తేడా పోల్చుకోలేకపోయామని డెస్కువాళ్లు అన్నారు.

అందుచేత కొల్లేటి సాక్షిగా ఒట్టు: ఈ జన్మలో ఏ ప్లగ్గు పీకినా, దాని రెండో కొసన ఎవరు ఊపిరి పీలుస్తున్నారో చూసే పీకుతాను.