దర్జీ ఇంట్లో అద్దె కోటు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో పదహారేళ్ళ పిల్లకు కోపం రావడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. నాకైతే పొద్దున లేస్తూనే వచ్చేది. (ఇప్పుడూ వస్తుంది, కాకపోతే డాక్టరు దాన్ని బీపీ అంటున్నాడు.) అయితే ఆ ఎండాకాలం మనాలిలో వచ్చిన కోపం ముందు మిగతావన్నీ లెక్కలోకి రావు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. ఆ కోపం ఎవరి మీద అన్నదే కొంచెం మారింది.

మా బాపు దర్జీ. సిరిసిల్ల నుంచి వచ్చి మధురానగర్‌లో చిన్న షాపు పెట్టుకుని, చుట్టుపక్కల బడుల పిల్లలకు యూనిఫాంలు కుట్టేవాడు. మిషను ఎదురుగా గోడకు మంచుకొండల క్యాలెండరు ఒకటి ఉండేది. తారీఖులు చింపేశాడు గానీ బొమ్మను మాత్రం ఏళ్ళ తరబడి అలాగే ఉంచాడు. ఒక్కసారైనా ఆ మంచును చేత్తో ముట్టుకోవాలని ఆయన కోరిక. నా ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు కాగానే, షాపుకు తాళం వేసి నలుగురం మనాలి పోదామన్నాడు. నేను ఎగిరి గంతేశాను. ఆ సంతోషం రెండు రోజులుంది. మూడో రోజు బాపు టేపు తీసుకుని మా అందరికీ కొలతలు తీశాడు.

ఏదో బడివాళ్ళు బ్లేజర్లకని తెప్పించి, తర్వాత వద్దనుకున్న మెరూన్ బట్ట తాను ఒకటి షాపులో పడి ఉంది. అమ్మకూ, నాకూ, చెల్లెకూ, తనకూ అందులోంచే కోట్లు కుట్టాడు. నాది మోకాళ్ళ దాకా వచ్చింది. ఎదిగే పిల్లల బట్టలకు లోపలి కుట్లలో అదనంగా గుడ్డ వదలడం బాపు అలవాటు. నా విషయంలో అది చాలదనుకున్నాడేమో, బయట కూడా వదిలాడు. పంజాగుట్టలో అద్దాల వెనక వేలాడే జాకెట్లలో ఒక్కటి కొనిపెట్టమని మొత్తుకున్నాను, అన్నం మానేశాను, తలుపులు ధడాలున వేశాను.

"దర్జోని బిడ్డవై రెడీమేడ్ తొడుగుతవా?" అన్నాడు బాపు. "మరి దసరాకు మిషన్‌కు పూజెందుకు చేసుడు?"

మేం దిగిన హోటల్లో పనివాళ్ళ కోట్లు కూడా మెరూన్ రంగేనని మాకు ముందు తెలియదు. మెట్ల దగ్గర ఒకావిడ నన్ను ఆపి, పన్నెండో నంబరు గదికి వేడినీళ్ళు ఇంకా ఎందుకు పంపలేదని హిందీలో గద్దించింది. తువ్వాళ్ళు ఏవని చెల్లెను ఇంకొకరు అడిగారు. అమ్మ అయితే ఒక ముసలాయనకు నిజంగానే మా గదిలోంచి దుప్పటి తెచ్చి ఇచ్చింది. నేను ఒళ్ళు మండిపోయి ఇదంతా బాపుకు చెబితే, ఆయన మొహం వెలిగిపోయింది. తన కుట్టు పెద్ద హోటల్ కుట్టుకు తీసిపోలేదని సంబరపడ్డాడు. ఆ క్షణంలోనే నేను ఒక పథకం వేశాను.

మంచు దగ్గరికి తీసుకెళ్ళే జీపు దారిలో అద్దెకు కోట్లిచ్చే కొట్లు ఉంటాయని విన్నాను. మర్నాడు పొద్దున నా మెరూన్ కోటును పరుపు కింద దాచేసి, చలికి వణుకుతూ జీపెక్కాను. శాలువా కప్పుకోవడంతో ఎవరూ గమనించలేదు. కొండ కింద కొట్టు ముందు జీపు ఆగాక, కోటు మర్చిపోయానని చెప్పాను. కోటు లేకుండా పైకి పంపనని డ్రైవరు తేల్చేశాడు. కొట్టులో ఎర్రటి జాకెట్ ఒకటి, టోపీకి బొచ్చు ఉన్నది, నా కోసమే అన్నట్టు వేలాడుతోంది. నా చెయ్యి అప్పటికే దాని మీద ఉంది.

బాపు నా చెయ్యి చూశాడు, నా మొహం చూశాడు. ఆయనకు అంతా అర్థమైంది. ఎర్ర జాకెట్‌ను తిరగేసి కుట్లు చూసి, ఒకసారి వాసన చూసి, తిరిగి తగిలించేశాడు. తర్వాత తన కోటు గుండీలు విప్పాడు.

"గిది తొడుక్కొని పో బిడ్డా. నాకు మోకాళ్ళు నొస్తున్నయ్. నేను గీ చాయ్ హోటల్ల కూసుంట."

అప్పటిదాకా ఆయన నోట మోకాళ్ళ నొప్పి అన్న మాటే వినలేదు. అద్దెదైనా ఒకటి తొడుక్కుని రారాదా అని అమ్మ ఎంత పోరినా, ఎవరెవరో తొడిగి విడిచినవి తాను తొడగనన్నాడు. నాకు ఆయన్ని పట్టుకుని కుదిపేయాలన్నంత కోపమొచ్చింది. జీవితమంతా చూద్దామనుకున్న మంచుకు అరగంట దూరంలో కూర్చుని ఆ పట్టుదలేమిటి? నువ్వు వెళ్ళు బాపూ, నేను ఆగుతాను అని నేనైనా అనవచ్చు. ఆ ఒక్క మాట అనలేదు. ఆయన కోటు తొడుక్కుని పైకి వెళ్ళాను.

ఆ కోటు నా పిక్కల దాకా ఉంది. కాళ్ళకు తట్టుకుని మూడుసార్లు జారిపడ్డాను. దాని నిండా మిషను నూనె వాసన. కొండంత మంచు ఎదురుగా ఉంటే నేను నిలబడి ఏడ్చాను. చలికనుకుంది చెల్లె. పూరీలు తెచ్చుకున్న స్టీలు డబ్బాలో మంచు కుక్కి, కిందికి పరుగెత్తాను. మూత తీసేసరికి వేలెడు నీళ్ళు, పైన తేలుతూ మామిడికాయ తొక్కు నూనె.

బాపు అందులో వేలు ముంచాడు. "చల్లగనే ఉన్నది" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

మొన్నీమధ్య పంజాగుట్టలో ఒక మాల్‌లో మంచు ఆటల గది తెరిచారని విని, బాపును తీసుకెళ్ళాను. ఇప్పుడు ఆయనకు మోకాళ్ళ నొప్పి నిజంగానే ఉంది. లోపలికి వెళ్ళాలంటే అక్కడ కూడా అద్దె కోటే. నేను తల పట్టుకునేలోపు బాపు చేతిసంచీలోంచి రెండు మెరూన్ కోట్లు తీశాడు. నాది నాకెక్కడ పడుతుందని విసుక్కున్నాను.

"కుట్లు ఇప్పిన. లోపల గుడ్డ మస్తు ఇడిచిపెట్టిన గదా అప్పుడు" అన్నాడు.

తొడుక్కుంటే సరిగ్గా సరిపోయింది. గుండీలు పెట్టుకుంటుంటే ఒకావిడ నా దగ్గరికొచ్చి, టికెట్లు ఎక్కడిస్తారని అడిగింది. పదహారేళ్ళప్పుడైతే మాల్ కూలిపోయేలా అరిచేదాన్ని.

"ఎడమ పక్కనండీ" అని చెప్పి, బాపు చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాను.