నేను మార్చి చదివిన ముగింపులు

మింగలేక, కక్కలేక ఇన్నేళ్ళు మోశాను. ఇక నావల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. జాలి మాత్రం చూపకండి, నాకు ఒళ్ళు మండుతుంది.

నాది కొంటా, తెలుగు నేల సరిహద్దు దాటగానే వచ్చే ఊరు. ఇక్కడి ఆడపిల్లల హాస్టల్లో పంతులమ్మను. మా పిల్లలు ఇంట్లో తమ దోర్లీ భాష, బజార్లో తెలుగు మాట్లాడతారు. తెలుగులో నవ్వుతారు, తిట్టుకుంటారు. కానీ బడి హిందీ బడి. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. వాళ్ళ ఈడుకు తగ్గ హిందీ నవలలు మా దాకా వచ్చేవి కావు. వచ్చినవన్నీ నీతులే. చేతులు కడుక్కో, పెద్దల మాట విను. పదిహేనేళ్ళ పిల్ల చేతిలో పెట్టాల్సిన పుస్తకాలా అవి? అందుకే భద్రాచలం వెళ్ళినప్పుడల్లా తెలుగు నవలలు మోసుకొచ్చి ఒక ఇనుప బీరువా నింపాను. ఆదివారం మధ్యాహ్నాలు పైకి చదివి వినిపించేదాన్ని. దయ్యాలవి, దొంగల్ని పట్టేవి, అంగారకుడి మీద ఊరు కట్టేవి, పదో తరగతి ప్రేమలవి. ఏ పిల్లకు ఏది నప్పుతుందో ఇట్టే పసిగట్టేదాన్ని. పిరికిదానికి దయ్యం కథ, నోరు విప్పనిదానికి ప్రేమ కథ, పొద్దస్తమానం కొట్లాడేదానికి దొంగల కథ. ఈ విద్యలో నాకు సాటి లేదనుకునేదాన్ని. ఇప్పటికీ అనుకుంటాను. తప్పు అక్కడ లేదు.

చదువుతూ చదువుతూ మార్చేశాను. అదీ తప్పు.

మొదట చిన్న చిన్నవే. ప్రేమ కథలో ఇద్దరూ చేతులు పట్టుకుంటే ఆ పేజీ దాటించేదాన్ని. చివరికి దయ్యమే గెలిస్తే ఓడించేసేదాన్ని. అంగారకుడి మీద చనిపోయిన పిల్లవాణ్ణి బతికించి ఇంటికి పంపాను. పేజీ మీద వేలు పెట్టి ఇక్కడ అలా లేదు మేడం అనగలిగిన పిల్ల ఆ గదిలో ఒక్కతీ లేదు. ఆ అధికారం ఎంత తియ్యగా ఉంటుందో మీకు తెలుసా? నాకు తెలుసు.

జోగమ్మ అని ఒక పిల్ల ఉండేది. అసలు పేరు అది కాదు. ఈ ఒక్కటి మాత్రం ఆమె కోసం మార్చాను. పన్నెండో తరగతి పాసై, జగదల్‌పూర్‌లో నర్సు చదువుకు సీటు తెచ్చుకుంది. ఇంట్లో వద్దన్నారు. తునికాకు కోతలు దగ్గరపడ్డాయి, చెల్లెల్ని ఎవరు చూస్తారు, చదివింది చాలు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ రోజుల్లో మేం చదువుతున్న నవలలో సముద్రం పక్క పల్లె పిల్ల ఒకతి పడవలు కట్టే చదువుకు వెళ్ళాలనుకుంటుంది, ఇంట్లో ఒప్పుకోరు. జోగమ్మ ముందు వరసలో కూర్చుని ఊపిరి బిగబట్టి వినేది. పుస్తకంలో చివరికి ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా పడవెక్కి వెళ్ళిపోతుంది.

నేను వెళ్ళనివ్వలేదు. రేవు దాకా తీసుకెళ్ళి వెనక్కి తిప్పాను. మరుసటేడు నాన్నే దగ్గరుండి పంపాడని ముచ్చటగా అల్లి చదివాను. ఎందుకు? అంతకుముందే ఒక పిల్ల ఇంట్లో చెప్పకుండా పనికి పోతే తల్లిదండ్రులు హాస్టల్ మీద పడ్డారు. ఇదంతా నీ కథల వల్లేనని, మళ్ళీ జరిగితే బీరువాకు తాళమేనని వార్డెన్ నా మొహం మీదే అంది. జోగమ్మను కాపాడాననుకున్నానా? కాదు. బీరువాను కాపాడుకున్నాను.

జోగమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. మరుసటేడు వాళ్ళ నాన్న పంపలేదు. సీటు పోయింది.

తర్వాత ఆమె ఏటా తెలంగాణ వైపు మిరప కోతలకు వెళ్ళేది. అక్కడి రైతు కూతురు అన్నాల వేళ తన బడి పుస్తకాలతో ఆమెకు తెలుగు అక్షరాలు నేర్పిందట. కొన్నేళ్ళకు చెల్లెల్ని హాస్టల్లో చేర్చడానికి వచ్చి, బీరువాలోంచి ఆ నవల తీసి, వరండాలో కూర్చుని, వేలు జరుపుకుంటూ చివరి అధ్యాయం చదివింది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు నటిస్తూ చూస్తూనే ఉన్నాను.

"మేడం, ఈ పిల్ల ఇంటికి పోలే గద. పడవెక్కి పోయింది."

నేను ఇంకో పేపరు ముందుకు లాక్కున్నాను.

"నువ్వు వేరే చదివినవ్. ఎందుకు?"

"నీ మంచికేనే."

"నా మంచి ఏందో నన్ను చూసుకోనియ్యకపోతివి. వేరే పుస్తకాలు గూడ మార్చినవా?"

"లేదు. అదొక్కటే."

మొదటిసారి భయపడి అబద్ధమాడాను. మరి రెండోసారి? అప్పుడు బీరువాకు తాళం వేస్తామన్నవాళ్ళు ఎవరూ లేరు. ఎదురుగా ఆమె ఒక్కతే ఉంది, మిరపకాయల మంటకు ఎర్రబడిన చేతులతో. అయినా ఆడాను. తర్వాత తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

ఒక కథ విన్నంత మాత్రాన బతుకు మారిపోతుందా, వాళ్ళ నాన్న ఎలాగూ పంపేవాడు కాదు కదా అని మీరు అనబోతున్నారు. అనకండి. ఆ ఊరట నాకూ తెలుసు, ఏళ్ళ తరబడి నమిలాను. కథకు ఏ బలమూ లేకపోతే నేనెందుకు మార్చాను? ఆ పిల్ల వింటే వెళ్ళిపోతుందని నాకు తెలుసు కాబట్టే మార్చాను.

పుస్తకాలు ఇవ్వడం మానేస్తానా? మానను. దయ్యాలవీ ఇస్తాను, ప్రేమలవీ ఇస్తాను, ఇల్లు దాటిన పిల్లలవీ ఇస్తాను. ప్రేమలూ చావులూ తీసెయ్యమని మొన్న కొత్త వార్డెన్ అంటే, తీస్తే బీరువా మొత్తం తీసుకుపో, ఏరి మాత్రం ఇవ్వనన్నాను. ఇప్పుడు పిల్లలకు తెలుగు అక్షరాలు కూడా నేర్పుతున్నాను, నన్ను పట్టుకోవడానికి.

నిన్న ఆదివారం, నేను పాడుచేసిన పుస్తకాలన్నీ బల్ల మీద పెట్టి, ఒక్కొక్కదాని అసలు ముగింపు చదివాను. ఎవరిని బతికించానో, ఎవరిని వెనక్కి తిప్పానో చెప్పాను. పిల్లల్లో కొందరు నవ్వారు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. జోగమ్మ చెల్లెలు చివరి దాకా కదలకుండా కూర్చుంది. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు ఇదంతా అక్కకు చెప్పనా అని అడిగింది. చెప్పమన్నాను. అదొక్కటేనని నేనన్న మాట కూడా అబద్ధమని చెప్పమన్నాను.

జోగమ్మ వచ్చి ఏమంటుందో తెలియదు. రానీ.