ఏలీయా మేస్త్రీ కట్టిన వంటిళ్ళు

ఆ రోజుల్లో జగ్గయ్యపేటలోగానీ నందిగామలోగానీ రాతి ఇల్లు కట్టించాలనుకున్న ఆసామి ముందు ఏలీయా మేస్త్రీకి కబురు పెట్టేవాడు. ముహూర్తం పెట్టే పంతులుగారి వంతు ఆ తరువాతే. ఇంజినీర్లు బెజవాడలో ఉండేవారు. వాళ్ళు కాగితం మీద గీసిన ఇల్లు చూసి బుర్ర ఊపడమే తప్ప, అందులో ఎటునుంచి ఎటు నడవాలో మన ఆసాములకు అంతుపట్టేది కాదు. ఏలీయాకు కాగితంతో పనిలేదు. ఖాళీ స్థలంలో గుప్పిట్లోంచి సున్నం పోసుకుంటూ వెళ్ళి, ఇల్లంతా అసలు కొలతలతోనే నేల మీద ముగ్గులా గీసేసేవాడు.

"రండి బాబుగారూ, మీ ఇంట్లోకి రండి. ఇదిగో సింహద్వారం, తల వంచక్కర్లా" అనేవాడు.

ఆసామి ఆ గీతల మధ్య తిరుగుతూ ఇక్కడ పందిరిమంచం, ఇక్కడ ధాన్యం కొట్టు అని చెబుతుంటే, ఏలీయా పాదంతో గీత చెరిపి మరో గీత పోసేవాడు. పెద్దిళ్ళ ఆడవాళ్ళు కూలీల ముందుకు వచ్చేవారు కారు. అందుకని వంటిల్లు ఎలా ఉండాలో కూడా, పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ పొయ్యి ఊదని మగవాళ్ళే చెప్పేవారు.

ఏలీయా రాయిని సుత్తితో ఒక్క దెబ్బ తట్టి, చప్పుడు విని, గోడకు పనికొస్తుందో పునాదికి పనికొస్తుందో తేల్చేవాడు. గానుగలో ఆడించిన సున్నానికి బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు తన చేత్తోనే కలిపేవాడు. రెండడుగుల మందం గోడలు. రోహిణీకార్తెలో కూడా ఆ ఇళ్ళలో చల్లగా ఉంటుందని అందరూ చెప్పుకునేవారు. ఏలీయా కూడా అలా విన్నవాడే. ఎందుకంటే గృహప్రవేశానికి ఇల్లు కడిగి పసుపునీళ్ళు చల్లాక, ఊరవతలి పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ మేస్త్రీ ఆ గడప దాటకూడదు. కొత్త పంచెల చాపు ఇచ్చేవారు, పందిరి చివర విస్తరి వేసేవారు. మర్యాదకు లోటు చేశారని అనలేం. కానీ లోపలికి మాత్రం రానిచ్చేవారు కారు. పదమూడు ఇళ్ళు కట్టాడు మహానుభావుడు. మనుషులు కాపురం ఉన్న ఇల్లు లోపల ఎలా ఉంటుందో ఒక్కటీ చూడలేదు.

చూడాలని ఉండేది. ఎంత ఉండేదో భార్య పున్నమ్మ ఒక్కతికే తెలుసు.

"ఆళ్ళ ఇంట్లో నీకేం పనయ్యా?" అనేది ఆమె.

"పనేం లేదే. నేను గీసిన ఇంట్లో మనుషులు ఎట్టా తిరుగుతున్నారో ఒక్కసారి చూస్తే చాలు" అనేవాడు.

పద్నాలుగో ఇల్లు నందిగామలో, 1961లో, జగన్నాథరావుగారిది. ఆయనకు ఊళ్ళో ఎవరి అరుగుకన్నా తన అరుగు ఎత్తుగా ఉండాలి. ఏలీయాకు రాయి మీద మోజు. ఇద్దరూ కలిసి వీధివైపు తొమ్మిది మెట్లు పెట్టించారు. చూసినవాళ్ళు ఆహా అన్నారు. గృహప్రవేశం నాడు అందరికన్నా ముందు ఇంట్లోకి వెళ్ళాల్సింది ఆవు అన్న సంగతి మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ ఉదయం మేళం మోగుతుంటే గౌరి అనే ఆవు రెండో మెట్టు దగ్గర కాళ్ళు బిగబట్టి నిలబడిపోయింది. పచ్చగడ్డి చూపించారు. వెనకనుంచి నెట్టారు. పాలేరు శాంతయ్య తాడు పట్టుకుని లాగి లాగి మెట్ల మీద కూలబడ్డాడు. పంతులుగారు గడియారం చూసుకుని, ఇంకా పది నిమిషాలే ఉందన్నారు. జగన్నాథరావుగారి చూపు గేటు అవతల నిలబడ్డ ఏలీయా మీద పడింది. ఏలీయాకు ప్రాణం పోయినంత పనైంది. ఇంటికి అపశకునమని పేరొస్తే ఇక తనను పిలిచి ముగ్గు పోయించేవాడెవడు?

అయితే పని సాగిన ఏడాదంతా గౌరిని ఆ స్థలంలోనే కట్టేసేవారు. సున్నంలో కలిపే బెల్లంలోంచి రోజుకో ముక్క దానికి పెట్టడం ఏలీయాకు అలవాటు. గేటు దాటి వచ్చి, చెయ్యి చాచి "గౌరీ, దా" అన్నాడో లేదో, చెవులు రిక్కించి తిరిగింది. అతను దాని ముందుకు వెళ్ళి, వెనక్కు నడుస్తూ ఒక్కో మెట్టే ఎక్కుతుంటే అదీ ఒక్కో మెట్టే ఎక్కింది. గడప దగ్గర ఏలీయా ఆగాడు. ఆవు కూడా ఆగింది. ముహూర్తానికి మూడు నిమిషాలు. మేళగాళ్ళు కూడా వాయించడం ఆపి చూస్తున్నారు.

జగన్నాథరావుగారి భార్య దుర్గాంబగారు కలశం పట్టుకుని కింద నిలబడి ఉన్నారు. "లోపలికి నడువు ఏలీయా. నువ్వు కదిలితేగానీ అది కదలదు" అన్నారు.

అలా వెళ్ళాడు ఏలీయా. మామిడి తోరణాల కింద నుంచి, తను పరిచిన నాపరాళ్ళ మీద నుంచి నడుస్తుంటే కళ్ళు చెమర్చాయి. ఆవును గదులన్నీ తిప్పి పెరట్లోకి దాటించాలి కాబట్టి, చివరికి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. వెనకే ఇంట్లోకి వచ్చిన దుర్గాంబగారు అప్పటికే లోపల పొయ్యి వెలిగించి పాలు పొంగిస్తున్నారు. తూర్పుముఖంగా పీట మీద కూర్చున్నారు. పొగ పోవడానికి ఏలీయా వదిలిన గూడు ఆవిడ వెనకగోడలో ఉంది. ఎదరగోడలో పెడితే వీధివైపు తెల్లటి రాయి మసిబారుతుందని, పదమూడు ఇళ్ళలోనూ వెనకగోడలోనే పెట్టాడు. పొగ ఆ గూటిని వెతుక్కుంటూ సరిగ్గా ఆవిడ ముఖం మీదుగా వెళ్తోంది.

పాలు పొంగాక ఆవిడ దగ్గుకుంటూ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. జగ్గయ్యపేటలో ఆవిడ పుట్టిల్లు ఏలీయా కట్టిన మొట్టమొదటి ఇల్లు.

"అమ్మగారూ, నాన్నగారి ఇంట్లో కూడా ఇంతేనా అండి?" అని అడిగాడు.

"ఇంతేగా. మా అమ్మ పదకొండేళ్ళ నుంచీ కళ్ళు నులుముకుంటానే వండుతోంది."

"ఒక్కరన్నా చెప్పలేదే అమ్మగారూ!"

"నీకెవరు చెబుతారయ్యా? మమ్మల్ని నువ్వెప్పుడు చూశావని?" అన్నారు ఆవిడ.

ఆ రోజు విస్తరి ముందు కూర్చుని ఏలీయా ఒక్క ముద్ద తినలేకపోయాడు. రాయి అందం చూసుకుని మురిసిపోయిన తన కళ్ళ మీద తనకే అసహ్యం వేసింది.

దుర్గాంబగారు నెల తిరక్కుండా, భర్త లబోదిబోమన్నా వినకుండా, ఎదరగోడకు గూడు పెట్టించుకున్నారు. మిగిలిన పదమూడు ఇళ్ళకూ ఏలీయా ఉలీ సుత్తీ పట్టుకుని తనే వెళ్ళాడు. డబ్బులేం వద్దు, ఒక్కపూట పని అని బతిమాలాడు. నలుగురు సరేనన్నారు. మడి వంటింట్లోకి నువ్వెట్లా వస్తావని తొమ్మిదిమంది గుమ్మంలోంచే పంపేశారు. పాత మేస్త్రీకి మతి చెడిందని చెప్పుకున్నారు కూడా.

ఆ తరువాత ఏలీయా మరో ఏడు ఇళ్ళు కట్టాడు. ఏడింటికీ, ఇల్లు కడగడానికి ముందురోజు మధ్యాహ్నం, కూలీలు అన్నాలకు వెళ్ళాక, పున్నమ్మ కుండా బియ్యం తీసుకుని వచ్చేది. కొత్త వంటింట్లో పీట వేసుకుని పొయ్యి ముట్టించేది. ఏలీయా గుమ్మంలో గొంతుక్కూర్చుని ఆమె ముఖమే చూస్తుండేవాడు.

"మండుతున్నాయా?"

"లేదయ్యా."

"నిజం చెప్పు."

"లేదంటే! చల్లగా ఉంది ఇల్లు."

అన్నం ఉడికాక మొగుడూ పెళ్ళాలిద్దరూ తలుపు దగ్గరగా వేసుకుని, ఆ నాపరాళ్ళ మీదే కూర్చుని, పచ్చడి మెతుకులు తినేవారు. తిని, బూడిద ఎత్తి, పొయ్యి అలికి వెళ్ళిపోయేవారు. రెండు రోజులకు మేళాలతో ఇంటివాళ్ళు వచ్చేవారు. పంతులుగారు మంత్రం చదువుతుంటే, ఇంటి ఇల్లాలు ఆ ఇంట్లో మొదటి పొయ్యి వెలిగించేది. ఏలీయా గేటు అవతల చేతులు కట్టుకుని నిలబడి చూసేవాడు.