బియ్యం మోహన, మిరప కల్యాణి

నిన్న సాయంత్రం మా సంగీతం క్లాసుకు ఒక స్టీలు డబ్బా వచ్చింది. నా దగ్గర నేర్చుకునే శ్రావ్య వాళ్ల అక్కకు వచ్చేవారం పెళ్లి. వాళ్లమ్మ సుగుణ గిర్ని నుంచి నేరుగా శామీర్‌పేటలోని మా ఇంటికి వచ్చి, అప్పుడే పట్టించిన పసుపు నాకూ కొంచెం ఇచ్చింది. మూత తీయగానే వాసన గదంతా పరుచుకుంది. డబ్బా అడుగు ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. "ఇంకో మాట మేడం," అంది సుగుణ. "శ్రావ్యకు ఏమేం ఇనిపియ్యాల్నో జెర కాయితం మీద రాసియ్యుండ్రి. ఫోన్ల దేవులాడితే వెయ్యి వస్తయి. అండ్ల ఏది మంచిదో మాకేం ఎరుక?" సరేనని కాగితం తీసి, మొదటి వరుసలో 'బియ్యం' అని రాశాను. నాకే నవ్వొచ్చి, కొట్టేసి 'మోహన' అని దిద్దాను.

ఆ కొట్టివేతకు కారణం మేడ్చల్‌లో పిండిగిర్ని నడిపిన రాజలింగం. నేను సంగీతం నేర్చుకున్నది సికింద్రాబాద్‌లో, పద్ధతి ప్రకారం, గురువు ఎదుట చాప మీద కూర్చుని. డిప్లొమా కూడా ఉంది. కానీ ఇవాళ నేను నోరు తెరిచి పాడుతున్నానంటే, నలుగురు పిల్లలకు చెబుతున్నానంటే, అది ఆ గిర్ని పుణ్యమే. రాజలింగం బక్కపలచటి మనిషి. తలకు తువ్వాల చుట్టుకునేవాడు. కనుబొమ్మలు, మీసాలు ఎప్పుడూ తెల్లగా ఉండేవి. వయసు ఎంతో తెలియాలంటే ముందు పిండి దులపాలి.

పన్నెండేళ్ల కిందట మావారికి మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చి మేడ్చల్ చేరాం. గిర్నికి ఎదురుగా పైఅంతస్తు అద్దెకు తీసుకున్నాం. సామానంతా సర్దాను గానీ తంబూరాను మాత్రం పాత చీరలో చుట్టి సజ్జ మీదికి ఎక్కించాను. అప్పటికి నేను పాట మానేసి మూడేళ్లు. ఒక సభలో మోహన రాగంలో కీర్తన పాడుతూ, చరణం మధ్యలో ఒక తప్పు స్వరం పలికాను. ఆ కంగారులో తర్వాతి మాట మరిచిపోయాను. మృదంగం ఆయన నాకోసం రెండు ఆవర్తనాలు వాయించాడు. మాట రాలేదు. లేచి దండం పెట్టి వేదిక దిగిపోయాను. ఆ తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు కూడా గొంతు విప్పితే అదే చోట ఆగిపోయేది. ఎవరైనా అడిగితే, ఇంటి పనితో తీరడం లేదని చెప్పేదాన్ని. నిజానికి పాట లేకుండా నాకు ఏమీ బాగుండేది కాదు. మావారి మీద ఊరికే విసుక్కునేదాన్ని.

మొదటిసారి బియ్యం డబ్బా తీసుకుని గిర్నికి వెళ్లినప్పుడు అక్కడ భైరవి వినిపించింది. గోడకు వేలాడదీసిన రేడియోలో ఎవరో వయొలిన్ వాయిస్తున్నారు. గిర్ని మోతలో భైరవి ఏమిటని ఆశ్చర్యపోయి, మనకు తెలుసన్న గొప్ప కొద్దీ, "ఇదేం రాగమో తెలుసా కాకా?" అని అడిగాను.

"ఎరుకలేకేంది? గోధుమలు," అన్నాడాయన.

"రాగం అడుగుతున్నా."

"నేను గదే చెప్తున్న. గిది గోధుమలు. మొన్న పొద్దుగాల జొన్నలు వచ్చింది. మస్తుగుండె."

సంగతి తర్వాత తెలిసింది. ముప్పై ఏళ్లుగా ఆయన పొద్దున్నే రేడియోలో శాస్త్రీయ సంగీతం వింటూ గిర్ని నడుపుతున్నాడు. పాట మోతను దాటుకుని చెవికి చేరేది గానీ, రాగం పేరు చెప్పే మాట మాత్రం ఏనాడూ చేరలేదు. అందుకని ఏ రాగం మొదటిసారి విన్నప్పుడు గిర్నిలో ఏది పడుతున్నాడో ఆ పేరే పెట్టుకున్నాడు. మోహన బియ్యం. కల్యాణి మిరపకాయలు. తోడి జొన్నలు. హిందోళం పెసలు. పేరు తెలియదన్న మాటే గానీ మనిషి పొరబడడు. రెండు గమకాలు వినగానే "పెసలు" అనేవాడు, అది హిందోళమే అయ్యేది. నేను పంతులమ్మలా అసలు పేర్లన్నీ చెప్పాను. రెండు రోజులు బుద్ధిగా ప్రయత్నించి మూడో రోజు చేతులెత్తేశాడు. "నీ పేర్లతోని పరేషానున్నది టీచరమ్మా. కల్యాణంటే మా సడ్డకుని బిడ్డ. పాట ఇంటాంటే ఆ పిల్ల యాదికొస్తాంది. నాకు మిరపకాయలే నయ్యం."

రేడియో పక్కన క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి అంటించిన పట్టీ ఒకటి ఉండేది. పైన పెద్ద అక్షరాలతో 'ఇనాల్సినయి' అని రాసి ఉంది. 'బియ్యం: పొద్దుగాల. ఎవరికన్న వడ్తది.' 'మిరప: కోపంల ఇనొద్దు.' 'జొన్నలు: గట్టివి. నిమ్మలంగ ఇనాలె.' 'పెసలు: చిన్నపిల్లలకు. జల్ది అరుగుతది.' 'గోధుమలు: ఏడుపొస్తది. మంచి ఏడుపే.' చివర 'పసుపు' అని ఉంది. దాని ఎదురుగా ఏమీ లేదు. ఎందుకని అడిగాను. "పసుపంటే పెండ్లి పసుపు. గా పేరు ఏదివడ్తె గా పాటకు పెడ్తమా? ముప్పై ఏండ్ల సంది చూస్తున్న, ఇంక దొరకలె," అన్నాడు. ముప్పై ఏళ్లు రేడియోలో అంతమంది విద్వాంసుల పాట విన్నవాడికి పసుపు దొరకలేదట! ఈయన ఎంత పెంకిమనిషి అనుకున్నాను.

ఆ గిర్ని మోటారు ఒకటే స్థాయిలో మోగేది. ఒకనాడు బట్టలు ఆరేస్తూ గమనించాను, అది సరిగ్గా నా ఐదు శ్రుతి. ఆడవాళ్లం ఎక్కువగా పాడుకునే శ్రుతి అది. తంబూరా దించే ధైర్యం లేదు గానీ, తంబూరా తానే వచ్చి ఎదురింట్లో మోగుతుంటే ఎంతకాలం ఊరుకుంటాను? కిటికీ దగ్గర కూర్చుని సన్నగా మొదలుపెట్టాను. ఆ మోతలో నా పాట నాకే సరిగ్గా వినిపించేది కాదు, ఇంకెవరికి వినిపిస్తుందిలే అన్న ధీమా. వారం తిరిగేసరికి గొంతు విప్పి పాడుతున్నాను. గిర్ని ఆగితే నేనూ ఆగేదాన్ని. ఎవరికీ తెలియని దొంగతనం చేస్తున్నట్టు ఎంత సంతోషంగా ఉండేదో!

ఒక రోజు పిండి తెచ్చుకోవడానికి వెళ్తే రాజలింగం నా డబ్బా చేతికిస్తూ, "బియ్యంల మిరప వడ్డది టీచరమ్మా," అన్నాడు. నేను ఒక చిటికెడు నోట్లో వేసుకుని, "లేదే, బాగానే ఉంది," అన్నాను. "పిండిల గాదు. నిన్నటి పాటల."

నా ముఖం ఎర్రబడింది. ఈయన వింటున్నాడన్న సిగ్గు ఒకవైపు, పిండి పట్టే మనిషి నాకు తప్పు పట్టడమేమిటన్న పొగరు ఇంకోవైపు. ఇంటికొచ్చి అదే పాట ఫోన్‌లో రికార్డు చేసి విన్నాను. మోహనలో నిషాదం ఉండదు. నేను అంతకుముందు అరగంట కల్యాణి పాడుకుని, ఆ ఊపుమీదే మోహన ఎత్తుకున్నాను. కల్యాణిలోని నిషాదం రెండు చోట్ల వచ్చి కూర్చుంది. అంటే బియ్యంలో మిరపే! మూడేళ్ల కిందట సభలో నన్ను కూలదోసింది కూడా ఆ స్వరమేనని అప్పుడు తట్టింది. ఆనాడూ మోహనకు ముందు పాడింది కల్యాణే.

మర్నాడు పొగరు ఇంట్లో పెట్టి వెళ్లాను. "ఇంత చప్పుడులో నీకెట్లా వినపడింది కాకా?" అన్నాను. "చప్పుడు రోజు ఉండేదేనాయె. రోజు లేనిదేమన్న వస్తే గదే ఇనవడ్తది," అన్నాడు. అప్పుడే ఎవరివో మిరపకాయలు పట్టడం అయింది. తర్వాతి వంతు బియ్యం. ఆయన పక్కనున్న గంపలోంచి గుప్పెడు నూకలు తీసి గిర్ని నోట్లో పోశాడు. ఎర్రగా దిగింది. దాన్ని పక్కన పడేసి ఇంకో గుప్పెడు పోశాడు. ఈసారి తెల్లగా వచ్చింది. నాలుక చివర పెట్టి చూసుకుని అప్పుడు బియ్యం పోశాడు. వరుసలో ఉన్నవాళ్లు ఆలస్యమని గొణుగుతున్నా పట్టించుకోలేదు.

"సూసినవా? నడుమ గుప్పెడు పొయ్యాలె. నువ్వు పొయ్యలే, గంతే," అన్నాడు.

ఏమనిపించిందో, సభలో జరిగింది మొత్తం ఆయనకు చెప్పేశాను. మా అమ్మకు కూడా అంత వివరంగా చెప్పలేదు. ఆయన జాలిపడతాడేమో అనుకున్నాను. పిండి రాలేలా నవ్వాడు. "గింత దానికి మూడేండ్లు బంద్ వెట్టినవా? మా గిర్నిల వారానికొక్కపారి కలుస్తది. కలిసిందని గిర్ని అమ్ముకుంటనా? గుప్పెడు పోసి మల్ల నడిపిస్త." నాకు కోపం రావలసింది. రాలేదు. మూడేళ్ల తర్వాత మొదటిసారి ఆ సంగతి గుర్తు చేసుకుని నేనూ నవ్వాను.

ఆ ఎండాకాలమే అసలు పరీక్ష జరిగింది. మిరపకాయల రోజులు. గిర్ని ముందు ఆడవాళ్లు ముక్కులకు కొంగులు కట్టుకుని సంచులతో వరుసగా నిలబడ్డారు. నేను కిటికీ దగ్గర కూర్చుని ఆ మోహన కీర్తనే ఎత్తుకున్నాను. కావాలనే ఎత్తుకున్నాను. ఇవాళ చరణం దాటాలని పట్టుదల. సరిగ్గా చరణంలోకి వెళ్లానో లేదో, కరెంటు పోయింది. గిర్ని టక్కున ఆగింది. నా గొంతు ఒక్కటే వీధి మధ్య నిలబడిపోయింది. కింద అందరూ తలలెత్తి చూశారు. ఆ చూపులకు నిషాదం మళ్లీ పడింది, మాట ఎగిరిపోయింది. నేను ఆగిపోయాను. కిటికీ మూసేస్తే ఇక జన్మలో తెరవనని నాకు తెలుసు. చెయ్యి కిటికీ రెక్క మీద ఉంది కూడా.

అప్పుడు కింది నుంచి "మ్మ్..." అని వినిపించింది. రాజలింగం గిర్నికి ఆనుకుని, కళ్లు మూసుకుని, నోరు తెరవకుండా మోటారులా మోగుతున్నాడు. అచ్చం ఐదు శ్రుతికి సరిపోయేలా. ముప్పై ఏళ్లు ఆ మోత పక్కనే బతికిన మనిషి, ఎక్కడ తప్పుతాడు? ఊపిరి అందక ఒక్క క్షణం ఆగి, "గుప్పెడు పొయ్యి బిడ్డా!" అని కేకేసి మళ్లీ అందుకున్నాడు. వరుసలో ఒక ముసలమ్మ తన మిరపకాయల సంచిలోకి చూసుకుని, "ఏం గుప్పెడు? నా సంచిలకెల్లేనా?" అని అడిగింది. అందరూ ఫక్కున నవ్వారు. నవ్వుతూనే ఇద్దరు ముగ్గురు కొంగుల చాటు నుంచి ఆయనతో గొంతు కలిపారు.

నేను కళ్లు మూసుకుని స రి గ ప ద మెల్లగా ఒకసారి పైకి, ఒకసారి కిందికి పాడాను. అదే నా గుప్పెడు. తెల్లగా వచ్చింది. చరణం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. పోయిన మాట తన చోట తాను వచ్చి నిలబడింది. దాన్ని దాటి వెళ్లాను. వెళ్తూ ఏడ్చాను. ఏడుస్తూనే పాడాను. మధ్యలో కరెంటు వచ్చి గిర్నిలో బల్బు వెలిగింది. "కరెంటొచ్చింది, ఎయ్యరాదూ," అని ఎవరో అన్నారు. "పాట అయిపోని. నీ మిరపకాయలు యాడికి పోతయి?" అన్నాడాయన. పూర్తయ్యేదాకా మీట వేయలేదు.

ఆ సాయంత్రమే తంబూరా సజ్జ మీది నుంచి దిగింది. ఏడాది తిరిగేసరికి చిన్నచిన్న కచేరీలు మొదలయ్యాయి. తర్వాత మేం ఇల్లు మారి వచ్చిన శామీర్‌పేటలో నా మొదటి కచేరీకి రాజలింగం తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. పిండి లేకుండా ఆయన్ని గుర్తుపట్టడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఎలా ఉందని అడిగితే, "మంచిగనే ఉన్నది గని, గిర్ని లేక బోసిగున్నది," అన్నాడు.

ఆయన పోయి నాలుగేళ్లయింది. గిర్ని ఉన్నచోట ఇప్పుడు ఫర్నిచర్ దుకాణం ఉంది. గోడ కొట్టేముందు వాళ్లబ్బాయి రేడియో పక్కనున్న కాగితం జాగ్రత్తగా ఊడదీసి, నన్ను వెతుక్కుంటూ వచ్చి ఇచ్చాడు. "బాపు ఇది మీకే ఇయ్యుమన్నడక్కా," అన్నాడు. నాకు తెలిసిన పట్టీయే కదా అని చివరిదాకా చూశాను. ముప్పై ఏళ్లు ఖాళీగా ఉన్నచోట, వంకర అక్షరాలతో రాసి ఉంది. 'పసుపు: కరెంటు పోయిన్నాడు టీచరమ్మ పాడింది. అది బియ్యమే. గని పసుపు కలిసింది.'

బియ్యానికి పసుపు కలిస్తే ఏమంటారో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ అక్షింతలు నా తల మీద పడి అన్నేళ్లయినా, పడ్డాయని నాకు ఆ రోజు దాకా తెలియలేదు.

నిన్న సుగుణకు పట్టీ పూర్తిగా రాసిచ్చాను. మోహన పొద్దున, తోడి నిమ్మళంగా, కోపంలో కల్యాణి వద్దు. అన్నీ ఆయన మాటలే, పేర్లు మాత్రం పుస్తకంలోవి. చివర 'పసుపు' అని రాసి ఎదురుగా ఏమీ రాయలేదు. సుగుణ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిదేంది మేడం, ఖాళీ ఇడిసిండ్రు?"

"అది మీ ఇంట్లోనే దొరుకుతుంది," అన్నాను. "దొరికిన రోజు నువ్వే రాసుకో."