రాజరత్నం మాస్టారి భయం

మొన్న కొత్తపేట వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన పంచె మోకాలి పైకి జరుపుకొని నొప్పుల తైలం రాసుకున్నారు. కర్పూరం కలిసిన ఆ ఘాటు వాసన ముక్కుకి తగలగానే నా అరచేతులకు చెమట పట్టింది. కిటికీ బయట వరిచేలు ఎప్పటిలాగే వెనక్కి పోతున్నాయి. నేను మాత్రం ఏళ్ళ కిందట అదే తైలం వాసన నిండిన, మా డిగ్రీ కాలేజీ ఆటస్థలం పక్కనున్న రేకుల గదిలో, బూట్ల లేసులు బిగించుకుంటూ కూర్చుని ఉన్నాను. ఎదురుగా మా ఫుట్‌బాల్ కోచ్ రాజరత్నం మాస్టారు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆడబోయేది మేమైనా, మాకంటే ఆయనకే కంగారెక్కువ.

ఆయనకు ముందున్న కోచ్ మీసం మెలేసే మనిషి. చచ్చినా బంతి వదలొద్దని గర్జించేవారు. కాలేజీల పోటీల్లో ఏ ఏడాదీ మేం తొలి మ్యాచ్ దాటింది లేదు గానీ, ఆయనంటే మాకు వల్లమాలిన అభిమానం. ఆయన వెళ్ళిపోయాక ముక్తేశ్వరం నుంచి రాజరత్నం మాస్టారు వచ్చారు. సన్నటి మనిషి, దళసరి కళ్ళద్దాలు, పాత మోపెడ్. మొదటిరోజు ఆయన మాకు బంతి ఇవ్వలేదు. అందరినీ వరసగా నిలబెట్టి, మైదానం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిపించి, గాజు పెంకులు, రాళ్ళు, కొబ్బరి చిప్పలు ఏరించారు. తరవాత గోలుపోస్టు పట్టుకుని ఊపారు. అది కాస్త కదిలింది. ఇంకేముంది, పాతిన చోట మళ్ళీ తవ్వించి, సిమెంటు వేయించేదాకా గోలు వైపు మమ్మల్ని పోనివ్వలేదు.

మా కెప్టెన్ రమణ ఉండబట్టలేక అడిగేశాడు. "ఇదేం కోచింగండీ మాస్టారూ? బంతెప్పుడిస్తారండీ?"

"ఇస్తాను బాబూ. ముందు నా గుండె కుదుటపడనీ."

అందరం నవ్వాం. ఆ సాయంత్రానికే ఆయనకు 'భయం మాస్టారు' అని పేరు పెట్టేశాం. ఆ పేరు ఆయన చెవిన పడింది కూడా.

ఆ భయం మెల్లగా మాకూ అంటుకుంది. ప్రాక్టీసులో ఆట ఆపించి, ఉన్నట్టుండి ఒకణ్ణి అడిగేవారు. "ఇక్కడ బంతి పోయిందనుకో, ఏం చేస్తావు? నీ పక్కవాడు జారిపడ్డాడనుకో, అప్పుడు?" మొదట్లో విసుగొచ్చేది. తరవాత తరవాత, పడుకున్నా అవే ప్రశ్నలు. నేను గోల్‌కీపర్ని. బంతి అవతలి సగంలో ఉన్నప్పుడే నా కళ్ళు ఖాళీగా ఉన్న మూలల్ని వెతకడం మొదలుపెట్టాయి. ఆ ఏటి పోటీల్లో తొలి మ్యాచ్ రాజోలులో గెలిచినప్పుడు, అదృష్టం అనుకున్నాం. ఆ తరవాతిదీ గెలిచేసరికి మా కాలేజీలో అమ్మాయిలు కూడా స్కోరు అడగసాగారు.

రాజోలులో మ్యాచ్‌కి ముందు, నీళ్ళ కోసం గది వెనక్కి వెళితే, మాస్టారు గోడ పట్టుకుని వాంతి చేసుకుంటున్నారు.

"ఒంట్లో బాగోలేదాండీ?" అన్నాను.

"బాగానే ఉంది సత్తిబాబూ. మ్యాచ్ రోజు నాకెప్పుడూ ఇంతే." నోరు కడుక్కుని, జేబురుమాలుతో తుడుచుకున్నారు.

"అయితే ఈ ఉద్యోగం ఎందుకండీ మీకు?"

ఆయన నవ్వారు. "భయం లేనోడికి పిల్లల్నెలా అప్పజెబుతారయ్యా?"

ఫైనల్ అమలాపురంలో. మా కాలేజీ ఫైనల్‌కి చేరడం అదే మొదలు. ప్రిన్సిపాల్ గారు, కాలేజీ పెద్దలు షామియానా కింద కూర్చున్నారు. రెండో గోల్‌కీపర్ కామెర్లతో మంచాన పడ్డాడు, ఉన్నది నేనొక్కణ్ణే. సగం ఆట అయ్యేసరికి ఒక గోలు ఆధిక్యంలో ఉన్నాం. ఇంకో పావుగంటలో ఆట ముగుస్తుందనగా పక్కనుంచి బంతి ఎత్తుగా వచ్చింది. అందుకోవడానికి ముందుకురికాను. అంతవరకే గుర్తుంది. అవతలి ఆటగాడి మోకాలు నా కణతకు తగిలిందట. కళ్ళు తెరిచేసరికి పైన ఆకాశం, దానికి అడ్డంగా మాస్టారి కళ్ళద్దాలు.

"స్కోరెంత బాబూ?"

"సున్నా సున్నా అండీ."

"పొద్దున్న ఏం తిన్నావు?"

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అయినా లేచి నిలబడ్డాను. "ఏం కాలేదండీ, ఆడతానండీ" అని బతిమాలాను. షామియానా లోంచి ఒక పెద్దాయన కేకేశారు. "అబ్బాయి నుంచున్నాడు కదండీ, ఆడనివ్వండి!"

మాస్టారు అటు తిరిగారు. ఆయన గొంతు వణుకుతోంది. ఆ వణుకుతున్న గొంతుతోనే, "ఆడడండి" అన్నారు. నా గ్లోవ్స్ తనే విప్పి రమణ చేతిలో పెట్టారు. "నువ్వు గోల్లో నుంచో. జట్టుని చూసుకో" అని, ఆట అలా సాగుతుండగానే నన్ను ఆటో ఎక్కించి తనూ ఎక్కేశారు.

దారంతా నన్ను మాట్లాడిస్తూనే ఉన్నారు. నేను కోపంతో సరిగా జవాబు చెప్పలేదు. "నేనాడే రోజుల్లో మా జట్టులో సుందరమని ఒకడుండేవాడు" అన్నారు ఉన్నట్టుండి. "తలకి దెబ్బ తగిలితే, వాడూ నీలాగే బాగానే ఉన్నానన్నాడు. మేం నమ్మేం." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇంతలో ఫోన్ మోగింది. విన్నారు, "అలాగే" అని పెట్టేశారు. ఓడిపోయామని ఆయన మొహం చూసి నాకు తెలిసిపోయింది; రెండు గోల్స్ తిన్నామని తరవాత విన్నాను. మాస్టారు నా వైపు తిరిగి, "మీ చెల్లెలి పేరేంటన్నావు?" అని అడిగారు.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. ఏమీ లేదన్నారు. మా నాన్న కొబ్బరితోట పని వదిలేసి, ఆ మాసిన బట్టలతోనే పరుగున వచ్చారు. డాక్టరు మాట విని కుదుటపడ్డాక, మాస్టారి దగ్గరికి వెళ్ళారు.

"ఏం లేదంటున్నారు కదండీ మాస్టారూ. మరి మ్యాచ్ ఎందుకొదిలేసి వచ్చేరండీ?"

"ఏం లేదని ఇప్పుడే కదండీ తెలిసింది."

నాన్న ఆయన మొహంలోకి చూశారు. "ఆయ్" అంటూ తలూపారు. బయటికెళ్ళి, ఆయన కోసం టీ తెచ్చారు. ఆ గ్లాసు అందుకున్నాక గానీ మాస్టారు కుర్చీలో కూర్చోలేదు.

కప్పు పోగొట్టాడని కాలేజీలో చాలామంది చాలా రోజులు ఆడిపోసుకున్నారు. స్కాన్‌లో ఏమీ తేలకపోవడం ఆయన నేరమే అయిపోయింది. మరుసటి ఏడు ఆయన్ని ఉంచుకోలేదు. ఎక్కడో బడిలో చేరారని విన్నాను. కిందటేడు పోయారని ఆలస్యంగా తెలిసింది. వెళ్ళి చూడలేకపోయాను.

ఇప్పుడు నేను విద్యుత్తు శాఖలో ఉన్నాను. నా కింద లైన్‌మన్‌లు పనిచేస్తారు. మొన్నటి తుఫానుకి వాడపల్లి వైపు చెట్లు తీగల మీద కూలాయి. కరెంటు లేక జనం వేడెక్కిపోయి ఉన్నారు. మా కుర్రాడు స్తంభం ఎక్కబోతుంటే ఆపాను. సబ్‌స్టేషన్లో సరఫరా ఆపేశాం, నిజమే. కానీ ఎవరింట్లోనో జనరేటర్ తిరుగుతుంటే, అక్కణ్ణుంచి తీగలోకి కరెంటు రావచ్చు. తీగని పరీక్షించి, కరెంటుని నేలలోకి పంపేసే ఎర్తింగ్ రెండువైపులా తగిలించాకే ఎక్కాలన్నాను. ఊరి పెద్దమనిషి ఒకాయన అందరిముందూ, "ఇంత పిరికోడివి ఈ ఉద్యోగానికెలా వచ్చేవయ్యా?" అన్నారు.

"కాసేపు ఆగండి" అన్నాను. నా గొంతు నాకే సన్నగా వినిపించింది.

చూశాం. తీగలో కరెంటు లేదు. జనం నవ్వుకున్నారు. ఎర్తింగ్ తగిలించాక కుర్రాడు ఎక్కాడు. అతను పని ముగించుకుని దిగి, నడుముకున్న బెల్టు విప్పాక గానీ నాకు ఊపిరాడలేదు. ఆ భయం మాస్టారిది. ఇన్నేళ్ళుగా నాతోనే ఉంది. పోగొట్టుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు.