ఫ్లోరెన్స్ అడిగిన వాన

న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో మన తెలుగు క్రైస్తవుల శుక్రవారం కూడికకు ఒక పద్ధతి ఉంది. పాటలయ్యాక, వాక్యమయ్యాక, టీకి నీళ్ళు పెట్టే ముందు పాస్టర్ విజయకుమార్ గారు "ప్రార్థన మనవులుంటే చెప్పండి" అంటారు. ఇక చూస్కోండి! ఒకరికి రెసిడెన్సీ రావాలి, ఒకరికి మోకాలి నొప్పి తగ్గాలి, ఇంకొకరి అబ్బాయి డ్రైవింగ్ టెస్టు ఈసారైనా గట్టెక్కాలి. అందరివీ విని, అందరి కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ ప్రార్థించే మనిషి ఫ్లోరెన్స్. ఆవిడ మాత్రం ఇన్నేళ్ళలో తనకంటూ ఒక్క మనవి చెప్పి ఎరగదు. "నాకేం లోటు, దేవుడు చల్లగా చూస్తున్నాడు" అనేసి కప్పులు కడగడానికి లేచిపోయేది. అడగని మనిషికి ఏమీ అక్కర్లేదనుకోవడం జనానికి ఎంత తేలికో!

ఎందుకక్కర్లేదు? ఆవిడ ముసలివాళ్ళుండే రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్. మధ్యాహ్నం పూట లాంజ్‌లో టీవీ నడుస్తుంటుంది. పెద్దవాళ్ళంతా కుర్చీల్లో కునుకు తీస్తుంటే, కస్టర్డ్ గిన్నె చేతిలో పట్టుకుని చూసేది ఈవిడొక్కతే. ఒకరోజు బోట్స్‌వానాలో మకాడికాడి అనే ఉప్పు మైదానం చూపించారు. ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయి తెల్లగా పడుంటుంది. వాన పడిందా, వేల జీబ్రాలు అడవులు దాటి అక్కడికి నడిచొస్తాయి. టీవీలో మబ్బు కమ్మిందో లేదో, ఎవరి గదిలోనో బెల్లు మోగింది. ఫ్లోరెన్స్ పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి వంటల ప్రోగ్రాం వస్తోంది. జీబ్రాలు వచ్చాయో లేదో తెలియనే లేదు. వాటి రాకను కళ్ళారా చూడాలన్న కోరిక మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఆవిడకు అరవై నిండబోతున్నాయని కూతురు దీనా క్రైస్ట్‌చర్చ్ నుంచి ఫోన్ చేసింది. "మమ్మీ, కృతజ్ఞతా కూడిక పెట్టి అందరికీ బిర్యానీ చేయిద్దాం."

"బిర్యానీ వద్దమ్మా. నాకు ఆ జీబ్రాల్ని చూడాలనుంది" అంది ఫ్లోరెన్స్, తప్పు చేసినదానిలా గొంతు తగ్గించి.

దీనా మంచి పిల్ల. రెండో మాట లేకుండా జనవరికి టికెట్లు కొనేసింది. గొణిగింది మాత్రం భర్త లాజరస్. ఆయనది చీరాల దగ్గర చినగంజాం. ఉప్పు మడుల్లో పుట్టి పెరిగినవాడు. "ఉప్పునేల చూడ్డానికి ఆఫ్రికా దాకా ఎందుకే? మా ఊళ్ళో బస్సు దిగితే కనపడుద్ది గదా" అంటూనే సూట్‌కేసు సర్దుకున్నాడు.

అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది. భార్యకు చెప్పకుండా సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక మనవి పెట్టాడు: "మేము ఉప్పునేల మీదికి వెళ్తున్నాము. అక్కడున్నన్ని రోజులూ చుక్క వాన పడకుండా ప్రార్థించగలరు."

పాపం, చెడు తలపేం కాదు. ఎండలో మాడి తండ్రి పండించిన ఉప్పు ఒక్క అకాల వానకు నీళ్ళై పారిపోతుంటే, ఇంటిల్లిపాదీ తలపట్టుకు కూర్చున్న ఇంట్లో పెరిగాడు. ఉప్పు, వాన అనే రెండు మాటలు ఒకచోట వినపడితే చాలు, ఆయన చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

మకాడికాడిలో డేరా ముందు దిగేసరికి భూమి పెనంలా కాలుతోంది. కబో అనే గైడు నెమ్మదిగా విషయం చెప్పాడు. గడ్డి మొలిచింది గానీ పల్లాల్లో నీళ్ళు లేవట. మందలన్నీ పడమటి వైపు ఏటి దగ్గరే ఆగిపోయాయట. ఒక్క గట్టి వాన పడితే కదులుతాయట. ఆదివారం పొద్దున వీళ్ళ తిరుగు ప్రయాణం. బుధవారం చూశారు, గురువారం చూశారు. తెల్లటి నేల, ఎండమావులు, దిక్కుతోచని ఒక ఉష్ట్రపక్షి. ఇంత దూరం వచ్చి ఇంతేనా అని ఫ్లోరెన్స్‌కు గుండె బరువెక్కింది.

శుక్రవారం పొద్దున ఆఫీసు డేరాలో వైఫై అందితే, హామిల్టన్‌లో అప్పటికే సాయంత్రమై కూడిక మొదలయ్యే వేళని గ్రూపు తెరిచింది. ఒకటా రెండా! "దిగులుపడకు సిస్టర్, ఉపవాసంతో ఉన్నాం, ఒక్క చినుకు కూడా పడదు." "స్తోత్రం! ఫోన్లో చూశాను, అక్కడ ఫుల్ ఎండ!" పైకి జరుపుకుంటూ పోతే అసలు మనవి దొరికింది.

"ఏమండీ, ఇదేంటండీ?"

లాజరస్ ఫోన్ చూసి నీళ్ళు నమిలాడు. "వానొస్తే ఏమవుద్దో నీకేం తెలుసు? ఉప్పంతా కరిగి..."

"ఇది మీ నాన్న ఉప్పు కాదండీ! ఈ నేలకి వానే ప్రాణం. ఊరంతా కలిసి నా జీబ్రాల్ని ఆపేశారు గదండీ!" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇప్పుడే చెప్పండి, మాకు వాన కావాలని."

"సంఘ పెద్దని. ఇచ్చిన మనవి వెనక్కి తీసుకుంటే నవ్విపోరూ?"

ఫ్లోరెన్స్ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని వాయిస్ మెసేజ్ నొక్కింది.

"అయ్యగారూ, అందరికీ వందనాలు. నేను ఫ్లోరెన్స్‌ని. ఇన్నాళ్ళూ నాకంటూ ఏదీ అడగలేదు. ఇయ్యాల అడుగుతున్నా. నాకు వాన కావాలి. తుంపర కాదు, కుండపోత కావాలి. దయచేసి నా కోసం అడగండి."

పాస్టరు గారి జవాబు వచ్చింది. "తప్పకుండా అమ్మా. నీ మనవి కోసం ఎన్నేళ్ళుగానో చూస్తున్నాం. అందరం మోకాళ్ళ మీదే ఉన్నాం." వెనకాలే ఎవరో కొంటె కోణంగి: "అక్కా, దేవుడు కన్‌ఫ్యూజ్ అవుతాడేమో!"

కన్‌ఫ్యూజ్ అయ్యాడనే అనిపించింది. శనివారం పొద్దున ఇంకో మెసేజ్ వచ్చింది. "అక్కా, అడ్రస్ తప్పింది! వాన హామిల్టన్‌లో పడింది. చర్చి పిక్నిక్ మొత్తం కొట్టుకుపోయింది, చికెన్‌తో సహా!" ఫ్లోరెన్స్ పడీపడీ నవ్వింది. నవ్వి, మళ్ళీ ఖాళీ ఆకాశం వంక చూసింది.

మధ్యాహ్నానికి పడమట ఒక మబ్బు లేచింది, చెదిరింది, మళ్ళీ లేచింది. అప్పుడు లాజరస్ డేరాలోంచి బయటికొచ్చాడు. భార్య వంక చూడకుండా నాలుగడుగులు నడిచి, ఆ కాలే నేల మీద మోకరించాడు. "ప్రభువా, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అడగనిది అడుగుతున్నా. కురిపించు నాయనా. ఆమె కోసం కురిపించు." ఉప్పుమడి బిడ్డ నోట వాన కావాలన్న మాట రావడానికి ఒక జీవితకాలం పట్టింది.

దేవుడు విన్నాడో, మబ్బే కరుణించిందో మీరే తేల్చుకోండి. సాయంత్రానికి ఆకాశం చిల్లుపడినట్టు కురిసింది. డేరా తాళ్ళు తెగాయి, కబో ఆనందం పట్టలేక కేకలు పెట్టాడు, ఇద్దరు ముసలాళ్ళూ చేతులు పట్టుకుని తడిసి ముద్దయ్యారు.

ఆదివారం పొద్దున సామాన్లు జీపులో పెట్టాక కూడా ఏమీ రాలేదు. కబో ఇంజను వేసి, వెంటనే ఆపేసి, చెయ్యి చాచి చూపించాడు. మైదానం చివర సన్నటి నల్లగీత. గీత మందమైంది. మందమై కదిలింది. కదిలి కాళ్ళొచ్చి, చారలొచ్చి, కుక్కల్లా మొరుగుతూ, పల్లాల్లో కొత్తనీళ్ళు చిమ్ముకుంటూ జీబ్రాలు వచ్చేశాయి! వందలు, వాటి వెనక వేలు. తల్లుల పక్కన నూగు చెదిరిన గోధుమరంగు పిల్లలు. దారి పొడుగునా అవే. జీపు కదిలే సందు లేదు.

కబో గడియారం చూపించి, విమానం పోతుందేమోనన్నాడు.

"పోతే పోనీవయ్యా" అన్నాడు లాజరస్ తెలుగులోనే. "ఆమెని కళ్ళారా చూడనీ."

ఫ్లోరెన్స్ చెప్పులు విప్పేసి బురదలో నిలబడింది. చుట్టూ మొరుగుళ్ళు, గిట్టల చప్పుడు. వెక్కి వెక్కి ఏడుస్తోంది, నవ్వుతోంది. అరవయ్యేళ్ళ గొంతంతా విప్పి అరిచింది.

"నేనడిగానండీ! ఇయ్యన్నీ నేనడిగితే వచ్చినయ్యండీ!"